పండ్లు, కూరగాయలతో కుస్‌కుస్: నీళ్ల లెక్క తప్పితే ముద్దే

రవ్వ పలుకుల్లా ఉండే కుస్‌కుస్‌లో పండ్ల ముక్కలు, కూరగాయలు కలిపి చేసేది పైకి చాలా తేలిక వంటకం. ప్యాకెట్ మీద రాసినట్టు మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలు ఆగితే పలుకులు సిద్ధం. ముక్కలు తరిగి కలిపేస్తే సైడ్ డిష్ అయిపోయినట్టే. కలిపిన వెంటనే నోట్లో వేసుకుంటే నిజంగానే బాగుంటుంది. అసలు సంగతి అరగంట తర్వాత బయటపడుతుంది. గిన్నె అడుగున పలచటి రసం చేరుతుంది. పలుకులు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. పుదీనా నల్లబడుతుంది. పండు తీపి, నిమ్మ పులుపు కలగలిసిపోయి ఏదీ విడిగా నాలుకకు తెలియదు. రుచి చాలలేదేమో అనుకుని చాలామంది అప్పుడు ఇంకాస్త నిమ్మరసం పిండుతారు, నిమ్మరసం, నూనె కలిపిన డ్రెస్సింగ్ ఇంకాస్త పోస్తారు. దాంతో ఉన్నది కాస్తా జావలా తయారవుతుంది. ఈ వంటకంలో తేడా వచ్చేది దాదాపు ఎప్పుడూ నీళ్ల దగ్గరే. పలుకులు ఎంత పీల్చుకుంటాయి, ముక్కలు ఎంత వదులుతాయి అన్న రెండు విషయాలు పట్టుబడితే మిగతాదంతా ఎవరిష్టం వాళ్లది.

ముందు పలుకుల సంగతి చూడాలి. కుస్‌కుస్‌ను చాలామంది ఒక ధాన్యం అనుకుంటారు. నిజానికి అది గట్టి గోధుమ రకమైన డ్యూరమ్ గోధుమ రవ్వకు నీటి తడి తగిలించి, చిన్న చిన్న పూసలుగా చుట్టి, జల్లించి తయారుచేసేది. ఉత్తర ఆఫ్రికాలో మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, మారిటేనియా ఇళ్లలో ఇది తరతరాలుగా ఉన్న ఆహారం. 2020లో అల్జీరియా, మారిటేనియా, మొరాకో, ట్యునీషియా కలిసి ప్రతిపాదిస్తే, కుస్‌కుస్ తయారీ, దాన్ని తినే పద్ధతులకు సంబంధించిన జ్ఞానాన్ని యునెస్కో తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. రాజకీయంగా పొసగని అల్జీరియా, మొరాకో లాంటి దేశాలు ఒక వంట విషయంలో ఒకే దరఖాస్తు మీద నిలబడటం చిన్న విషయమేమీ కాదు.

ఆ ఇళ్లలో కుస్‌కుస్‌ను నీళ్లలో ఉడికించరు, నానబెట్టి వదిలేయరు కూడా. కింద పాత్రలో కూరగాయలు, శనగలు, మాంసం ఉడుకుతుంటాయి. దాని మీద చిల్లుల గిన్నె కూర్చోబెట్టి అందులో పలుకులు పోస్తారు. కింది నుంచి వచ్చే ఆవిరి మీదే అవి ఉడుకుతాయి. ఒక దఫా అయ్యాక వెడల్పాటి పళ్లెంలోకి తిరగబోసి, ఉప్పునీళ్లు చిలకరించి, నూనె గానీ వెన్న గానీ రాసి, వేళ్లతో ఉండలు చిదిపి, మళ్లీ ఆవిరికి పెడతారు. ఇలా రెండు మూడు సార్లు చేస్తారు. నీళ్లు ఒకేసారి మీద పడవు, చిలకరించినంత మేరకే లోపలికి దిగుతాయి. అందుకే అక్కడి కుస్‌కుస్ అంత మెత్తగా ఉండి కూడా ఏ పలుకుకా పలుకు విడిపోతుంది.

దుకాణాల్లో ప్యాకెట్లలో దొరికేది చాలావరకు ఈ పని ముందే అయిపోయిన సరుకు. ఫ్యాక్టరీలోనే రవ్వను పూసలుగా చుట్టి, ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి నింపుతారు. పిండిపదార్థం ఒకసారి ఉడికి ఉండటం వల్ల వంటింట్లో మిగిలిన పని ఎండిన పలుకుకు తిరిగి తడి ఇవ్వడమే. ఈ ఒక్క ముక్క అర్థమైతే చాలా తప్పులు వాటంతటవే పోతాయి. పొయ్యి మీద పెట్టి ఉడికించకూడదు, ఉడికిస్తే పైపొర కరిగి జిగురవుతుంది. నీళ్లు పోశాక గరిటెతో తిప్పకూడదు, తిప్పితే పూసలు విరిగి పిండి బయటికొస్తుంది. వేడి బయటికి పోకుండా గట్టిగా మూత పెట్టి కదపకుండా వదిలేస్తే చాలు.

నీళ్లు ఎన్ని పోయాలన్నదే అసలు ప్రశ్న. ఒక కప్పు, అంటే సుమారు 175 గ్రాముల కుస్‌కుస్‌కు ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోస్తే పలుకు కాస్త బిరుసుగా, విడివిడిగా వస్తుంది. ఒకటింబావు కప్పు పోస్తే మెత్తగా వస్తుంది. ఒకటిన్నర కప్పు పోయమని కొన్ని ప్యాకెట్ల మీద ఉంటుంది. వేడివేడిగా, ఏమీ కలపకుండా వడ్డించేటప్పుడు అది సరిపోవచ్చు. పండ్లు, పచ్చి కూరగాయలు కలపబోయే వంటకానికి మాత్రం అంత ఎసరు పనికిరాదు, ఒకటికి ఒకటే సరైన కొలత. ఎందుకంటే పలుకుల దాహం మొత్తం ఎసరుతోనే తీరిపోతే, తర్వాత కలిసే నిమ్మరసం, ముక్కల్లోంచి ఊరే రసం పీల్చుకునే చోటుండదు, అది అడుగున నిలబడుతుంది.

కాస్త దగ్గరగా లెక్కేసుకుంటే ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 175 గ్రాముల పలుకులు 240 మిల్లీలీటర్లు పీల్చుకున్నాక, ముద్ద కాకుండా ఇంకో 60 మిల్లీలీటర్ల దాకా ఓర్చుకుంటాయి. పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు అనుకుంటే నాలుగు చెంచాలు. డ్రెస్సింగ్‌లో నిమ్మరసం రెండు చెంచాలు పడుతుంది. ఇక ముక్కలకు మిగిలింది రెండే చెంచాలు. ఒక మాదిరి కీరాను గింజలతో సహా తరిగి ఉప్పు తగిలిస్తే ఆ రెండు చెంచాలూ అదొక్కటే ఖర్చుపెట్టేస్తుంది. దానికి టమాటా తోడైతే చెప్పనక్కర్లేదు. వంటకం ఎక్కడ చెడుతుందో ఈ చిన్న లెక్కలోనే ఉంది.

ఎసరులోనే అర చిన్న చెంచా ఉప్పు, రెండు చిన్న చెంచాల ఆలివ్ నూనె వేయడం మంచిది. ఉప్పు పలుకు లోపలికి దిగాలంటే అప్పుడే దిగాలి. చల్లారాక పైన చల్లిన ఉప్పు పైనే ఉండిపోతుంది, పైగా ముక్కల నీళ్లు బయటికి లాగుతుంది. నూనె పలుకుల మీద పలచగా పరుచుకుని అవి అంటుకోకుండా చూస్తుంది. ఐదు నిమిషాలయ్యాక మూత తీసి ఫోర్క్ పళ్లతో అంచుల నుంచి మధ్యకు గీకుతూ విడదీయాలి. గరిటె వాడితే పలుకులు నలుగుతాయి. ఫోర్క్‌కు చిక్కని చిన్న ఉండల్ని చేతివేళ్లతో చిదపడమే మేలు, మొరాకో ఇల్లాళ్లు చేసేది కూడా అదే.

విడదీశాక వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరచాలి. తొందరలో చాలామంది వదిలేసే పని ఇదే. వేడి పలుకుల్ని లోతు గిన్నెలో ఉంచితే ఆవిరి పైకి లేచి, మూతకు తగిలి, నీళ్లై మళ్లీ వాటి మీదే పడుతుంది. పరిస్తే ఆ ఆవిరి బయటికి పోతుంది, పలుకు పైభాగం ఆరుతుంది. పదిహేను నిమిషాల్లో గది వేడికి వస్తుంది. వేడి తగ్గకముందే పండ్లు కలిపితే అవి సగం ఉడికి మెత్తబడతాయి, యాపిల్ కరకర పోతుంది, ఆకులు వాడిపోతాయి.

ఇక ముక్కల విషయం. కీరాలో 95 శాతం దాకా నీరే. టమాటాలో 94, క్యాప్సికంలో 92, క్యారెట్‌లో 88, నారింజలో 87, యాపిల్‌లో 86, ద్రాక్షలో 81, దానిమ్మ గింజల్లో 78 శాతం దాకా నీరుంటుంది. ఎండిన కిస్‌మిస్‌లో మాత్రం 15 శాతమే. ఈ అంకెలు చూసి నీరెక్కువున్నవన్నీ పనికిరావని తేల్చేయడం తొందరపాటు. ఎంత నీరుందన్న దానికంటే అది ఎంత సులువుగా బయటికొస్తుందన్నదే ఇక్కడ తేల్చాల్సిన విషయం. దానిమ్మ గింజలో మూడొంతులకు పైగా రసమే, కానీ ప్రతి గింజకూ దాని తొడుగు దానికి ఉంది. చిదిమితే తప్ప చుక్క కారదు. యాపిల్ కణాలు గట్టివి, కోసినా నీటిని పట్టి ఉంచుతాయి. టమాటా మధ్యలో ఉండేది జిగురు రసం, కత్తి పడగానే కారుతుంది. నారింజ తొనను తొక్క ఒలిచి కోస్తే లోపలి చిన్న సంచులన్నీ తెగుతాయి. ద్రాక్ష పండు నిండుగా ఉంటే చుక్క కారదు, రెండుగా కోస్తే కారుతుంది.

అందువల్ల దేన్ని ఎలా కోయాలన్నది దాని స్వభావాన్ని బట్టి ఉండాలి. కీరాను నిలువుగా చీల్చి చెంచాతో గింజల భాగం గీకేసి, ముక్కలకు కాస్త ఉప్పు రాసి జల్లెడలో ఇరవై నిమిషాలు ఉంచాలి. ఉప్పు లాగిన నీరు కిందికి కారిపోతుంది. ముక్క కాస్త బిగుసుకుంటుంది, రుచి చిక్కబడుతుంది. ఆ ఉప్పును లెక్కలో వేసుకుని మిగతా ఉప్పు తగ్గించాలి. టమాటా వేయాలనిపిస్తే గుజ్జు తీసేసి కండ భాగమే వాడాలి, లేదా చెర్రీ టమాటాలు తినే ముందు కోసి వేయాలి. క్యారెట్‌ను తురమడం కంటే చిన్న చదరపు ముక్కలుగా కోయడం నయం, తురుములో తెగిన కణాలు ఎక్కువ కాబట్టి ఉప్పు తగలగానే నీళ్లోడుతుంది. ఉల్లిపాయను సన్నగా తరిగి పది నిమిషాలు నిమ్మరసంలో ఉంచితే ఘాటు తగ్గుతుంది, ఆ రసం డ్రెస్సింగ్‌లోకి పనికొస్తుంది.

వంకాయ, గుమ్మడి, జుకినీ లాంటివి పచ్చిగా కుదరవు. వాటిని ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి కాల్చితే లోపలి నీరు ఆవిరైపోతుంది, అంచులు ఎర్రబడి తీపి, కమ్మదనం వస్తాయి. ఇరుకుగా పేరిస్తే ఆ ఆవిరిలోనే ముక్కలు ఉడుకుతాయి, ఎర్రబడవు. పండ్ల తీపితో కలిసినప్పుడు పచ్చి కూరగాయల కంటే ఇలా కాలిన కూరగాయలే బాగా నప్పుతాయి, మాడీ మాడని ఆ అంచుల రుచి వల్ల పండు వెగటు కాకుండా ఉంటుంది. క్యారెట్‌ను కాల్చడంలో ఇంకో లాభం ఉంది, అందులోని బీటా కెరోటిన్ ఉడికి, నూనె తోడైనప్పుడు ఒంటికి బాగా పడుతుంది.

కుస్‌కుస్‌లో పండు వేయడం కొత్తగా పుట్టిన ఫ్యాషనేమీ కాదు. మొరాకోలో ఉల్లిపాయల్ని, కిస్‌మిస్‌ని దాల్చినచెక్కతో, తేనెతో నెమ్మదిగా మగ్గించి కుస్‌కుస్ మీద వేసే త్ఫాయా ఉంది. ట్యునీషియాలో మస్‌ఫూఫ్ అనే తీపి కుస్‌కుస్‌లో కిస్‌మిస్, ఖర్జూరం, దానిమ్మ గింజలు పడతాయి. గమనిస్తే ఆ సంప్రదాయం ఎంచుకున్నవి దాదాపు అన్నీ నీళ్లు కారని పండ్లే: ఎండినవో, తొడుగున్నవో. అల్జీరియాలోని కబీలియా ప్రాంతంలో చేసే అమెక్‌ఫూల్ అనే కుస్‌కుస్‌లో బఠానీలు, బీన్స్ లాంటి లేత కూరగాయల్ని ఆవిరి మీద ఉడికించి ఆలివ్ నూనెతో కలుపుతారు, అందులోనూ రసం కారే పదార్థం లేదు. అనుభవంతో తేలిన ఎంపికలివి, ఇంట్లో కొత్త కలయిక చేసుకునేవాళ్లకు ఇంతకంటే నమ్మదగిన దారి లేదు.

ఎండిన పండ్లు ఇంకో మేలు కూడా చేస్తాయి. వాటికి తడి కావాలి, చుట్టూ ఉన్న తడిని కొంత లాక్కుంటాయి. కాబట్టి రసం కారే పండు ఒకటి వేస్తే, ఎండినది ఒకటి జోడించడం తెలివైన పని. నారింజకు ఖర్జూరం, మామిడికి కిస్‌మిస్, పీచ్ పండుకు ఎండు ఆప్రికాట్ జోడీ. కిస్‌మిస్‌ని పొడి కుస్‌కుస్‌తోపాటే గిన్నెలో వేసి మరిగే నీళ్లు పోస్తే రెండూ కలిసి నానతాయి. అప్పుడు ఎసరులో ఒకటి రెండు చెంచాలు పెంచాలి. అరటిపండు, బాగా మగ్గిన బొప్పాయి, పుచ్చకాయ ఈ వంటకానికి పనికిరావు. మొదటి రెండూ నలిగి పలుకులకు పూతలా పట్టుకుంటాయి, పుచ్చకాయ నీళ్లు వదిలి ఊరుకుంటుంది. యాపిల్, పియర్ కోయగానే నిమ్మరసంలో దొర్లించాలి. గాలి తగిలితే వాటిలోని ఎంజైమ్ ముక్కను గోధుమ రంగుకు తిప్పుతుంది, పులుపు దాన్ని నెమ్మదిపరుస్తుంది.

ఈ నీళ్ల లెక్కను తిరగేసి వాడుకునే పద్ధతి కూడా ఒకటుంది, అది చాలా అందమైనది. ఫ్రాన్స్‌లో కుస్‌కుస్‌తో చేసే తబూలే అనే సలాడ్‌లో చాలామంది వేడినీళ్లే వాడరు. పొడి పలుకుల్లో టమాటా, కీరా ముక్కలు వాటి రసంతో సహా వేసి, నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెడతారు. ముక్కలు వదిలే రసాన్నే పలుకులు తాగి మెత్తబడతాయి. వృథాగా అడుగున చేరాల్సిన రసం పలుకు లోపలి రుచిగా మారుతుంది. లెబనాన్ తబూలే వేరు, అది బుల్గర్‌తో, అంటే ఉడికించి ఆరబెట్టి విరిచిన గోధుమతో, ప్రధానంగా పార్స్‌లీ ఆకుతో చేసేది. పండ్లకు కూడా ఈ దారి చక్కగా కుదురుతుంది. వేడి పద్ధతిలోనే కావాలనుకుంటే ఎసరులో సగం నీళ్లు, సగం నారింజ రసం పోసి మరిగించవచ్చు. పలుకు పలుకుకూ పండు వాసన పడుతుంది, విడిగా ముక్కలు తక్కువ వేసినా సరిపోతుంది. నారింజ తొక్క పైపొర కాస్త తురిమి వేస్తే ఆ వాసన నిలబడుతుంది, పైగా దాంతో తడి పెరగదు.

డ్రెస్సింగ్‌కు రెండు చెంచాల నిమ్మరసం, మూడు చెంచాల ఆలివ్ నూనె, మిరియాల పొడి, వేయించి దంచిన జీలకర్ర కాస్త సరిపోతాయి. తేనె, పంచదార వేయకపోవడమే మంచిది, తీపి పని పండు చేస్తుంది. పైగా చక్కెర కూడా ఉప్పులాగే ముక్కల నీళ్లు లాగేస్తుంది. ముందు నూనెను పలుకులకు, కూరగాయలకు పట్టించి, నిమ్మరసాన్ని చివరికి ఆపాలి. ఇందులో రంగు సంగతి కూడా ఉంది. బఠానీలు, బీన్స్, పుదీనా, కొత్తిమీర ఆకుపచ్చగా ఉండటానికి కారణమైన పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. పులుపు తగిలితే ఆ మెగ్నీషియం జారిపోయి రంగు మాసిన పసరు రంగుకు తిరుగుతుంది. గంట ముందు నిమ్మరసం కలిపిన బఠానీలను చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వేయించిన బాదం, పిస్తా కూడా అంతే, ముందే కలిపితే తడి పీల్చుకుని మెత్తబడతాయి. వడ్డించేటప్పుడే చల్లాలి.

పాళ్ల విషయంలో ఒక స్పష్టమైన అభిప్రాయం చెప్పుకోవాలి. బయట కొనే డబ్బాల్లో పలుకులే నిండి ఉండి, మధ్యమధ్యలో నాలుగు ముక్కలు కనబడతాయి. అలా చేస్తే తిన్న కాసేపటికి చప్పగా, బరువుగా అనిపిస్తుంది. కప్పు పొడి కుస్‌కుస్ నానాక రెండున్నర నుంచి మూడు కప్పులవుతుంది. దానికి ముక్కలన్నీ కలిపి రెండున్నర కప్పులైనా ఉండాలి, అందులో పండ్ల వాటా మూడో వంతు దాటకూడదు. పండు అంతకు మించితే సైడ్ డిష్ కాస్తా తీపి వంటకమై, పక్కనున్న ప్రధాన వంటకాన్ని మింగేస్తుంది. ముక్కలు బఠానీ గింజంత ఉంటే చెంచాకు పలుకు, కూర, పండు మూడూ ఒకేసారి వస్తాయి. ఈ కొలత నలుగురికి పక్క వంటకంగా సరిపోతుంది. పక్కన వచ్చేది పొడిగా కాల్చిన చేపో మాంసమో అయితే రసం ఉన్న పండ్లు కాస్త ఎక్కువ వేయవచ్చు. గ్రేవీ ఉన్న వంటకమైతే నారింజ, టమాటా వదిలేసి పలుకుల్ని ఇంకాస్త పొడిగా ఉంచాలి, గ్రేవీ తడి ఎలాగూ వాటికి తగులుతుంది.

పెద్ద ముత్యాల్లా ఉండే కుస్‌కుస్ కూడా దుకాణాల్లో దొరుకుతుంది. దాని దారి వేరు. అది కాల్చి ఆరబెట్టిన పాస్తా లాంటిది, ఎక్కువ నీళ్లలో పది నిమిషాల దాకా ఉడికించి వార్చాలి. పూస పెద్దది కాబట్టి కొంత రసం ఊరినా ముద్ద కాదు. టమాటా, నారింజ ధారాళంగా వేయాలనుకునేవాళ్లకు అదే అనువు.

ఆరోగ్యం పేరుతో కుస్‌కుస్‌కు ఉన్నదానికంటే ఎక్కువ పేరు వచ్చింది. మామూలు రకం పొట్టు తీసిన గోధుమ రవ్వే. నానిన కుస్‌కుస్ 100 గ్రాముల్లో సుమారు 112 కేలరీలు, 4 గ్రాముల లోపు ప్రొటీన్, ఒకటిన్నర గ్రాముల లోపే పీచు ఉంటాయి. పీచు, విటమిన్లు అందించేది ముక్కలే, పైన చెప్పిన పాళ్లకు అది కూడా ఒక కారణం. పొట్టుతో ఉన్న రకం దొరికితే పీచు ఎక్కువ వస్తుంది, నీళ్లు మరికాస్త తాగుతుంది. గోధుమలోని గ్లూటెన్ పడనివాళ్లు, ముఖ్యంగా సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని అసలు ముట్టుకోకూడదు. బార్లీతో చేసినదీ వాళ్లకు పనికిరాదు. మొక్కజొన్న, చిరుధాన్యాలతో చేసే కుస్‌కుస్ ఆఫ్రికాలో చాలాచోట్ల ఉంది, గోధుమ కలవలేదని ప్యాకెట్ మీద చూసుకుని అలాంటిది వాడుకోవచ్చు.

మిగిలినదాన్ని దాచుకోవడంలో అశ్రద్ధ పనికిరాదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వేడినీళ్లకు చావవు. అన్నం, పాస్తా, కుస్‌కుస్ లాంటివి గది వేడిలో చాలాసేపు ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. కలిపిన రెండు గంటల్లోపు 5 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఫ్రిజ్‌లోకి చేరాలి. రేపటికి కావాలనుకుంటే పలుకులు, కాల్చిన కూరగాయలు ఒక డబ్బాలో, డ్రెస్సింగ్ ఒక సీసాలో పెట్టి, పండ్లు, ఆకులు తినే రోజే కోసుకోవాలి. ఫ్రిజ్‌లో పలుకులు గట్టిపడటం సహజం, ఉడికిన పిండిపదార్థం చల్లబడితే మళ్లీ బిగుసుకుంటుంది. ఎండిపోయిందనుకుని చల్లటి నీళ్లు పోస్తే మర్నాడు కూడా ముద్దే. ఇంకా ఏమీ కలపని పలుకుల మీద ఒక చెంచా నీళ్లు చిలకరించి, రెండు నిమిషాలు ఆవిరి పట్టించి, ఫోర్క్‌తో విడదీసి, పళ్లెంలో పరిచి చల్లార్చి అప్పుడు ముక్కలు కలుపుకోవాలి.